చార్జర్ కొన్నాక వచ్చిన పర్మిట్ బిల్లు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఎలక్ట్రిక్ కారు కొన్నవారు ఇంట్లో చార్జర్ బిగించుకునేటప్పుడు ఎదురవుతున్న అనుకోని ఖర్చుల గురించి మాకు చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో అమెరికా నుంచి వచ్చిన రెండింటికి, హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకదానికి ఈ సంచికలో సమాధానం ఇస్తున్నాము. మొదటి ఉత్తరంలోని సమస్య మిగిలిన ఉత్తరాలలో కూడా చాలావరకు ఉన్నందువల్ల దానికి ఎక్కువ చోటు కేటాయించాము.

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలోని బే ఏరియాలో, 1960లలో కట్టిన ఇంట్లో ఉంటున్నాము. కారు కొన్నాక 48 ఆంపియర్ల చార్జర్ ఒకటి 600 డాలర్లకు తెప్పించి, దానిని బిగించడానికి ఒక ఎలక్ట్రీషియన్‌తో 1,400 డాలర్లకు మాట్లాడుకున్నాము. పర్మిట్‌కు వంద డాలర్లకు మించి కాదని ఆయన అన్నారు. తీరా దరఖాస్తు పెట్టాక నగరపాలక సంస్థ రుసుములే 400 డాలర్ల దాకా అయ్యాయి. మా 100 ఆంపియర్ల ప్యానెల్ (ఇంటి మెయిన్ కరెంటు బోర్డు) చాలదని, 200 ఆంపియర్లకు మార్చాలని చెప్పి ఎలక్ట్రీషియన్ ఇప్పుడు మరో 5,000 డాలర్ల అంచనా పంపారు. ఇంట్లో పొగ అలారాలు కూడా సరిచూసుకోవాలని పర్మిట్ కాగితంలో రాశారు. కారు చార్జర్‌కూ పొగ అలారాలకూ ఏమి సంబంధం? ఈ ఖర్చంతా మేము భరించవలసిందేనా? మా ఆయన రోజుకు 40 మైళ్లకు మించి కారు నడపరు.
ఒక పాఠకురాలు, బే ఏరియా, కాలిఫోర్నియా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో మూడు వేర్వేరు ఖర్చులు ఒకే బిల్లులాగా కలిసిపోయి కనిపిస్తున్నాయి. వాటిని విడదీసి చూస్తే ఏది తప్పనిసరో, ఏది తగ్గించుకోదగినదో తెలుస్తుంది. నగరం వసూలు చేసిన 400 డాలర్లు మొదటిది, పొగ అలారాల ఖర్చు రెండవది, ప్యానెల్ మార్పిడికి చెప్పిన 5,000 డాలర్లు మూడవది. మీకు ఎక్కువ కోపం తెప్పించింది మొదటిదే అయినా, మీరు నిజంగా పట్టించుకోవలసింది మూడవది, ఎందుకంటే అది మీ ఇంటికి అవసరం కాకపోవడానికే అవకాశం ఎక్కువ.

నగరం రుసుము సంగతి ముందు చూద్దాము. పర్మిట్ రుసుము అని ఒకే మాటగా అంటాము గాని అందులో దరఖాస్తు నమోదు, ప్లాన్ల పరిశీలన, తనిఖీ, కంప్యూటర్ వ్యవస్థ నిర్వహణ వంటి పద్దులు విడివిడిగా ఉంటాయి, వాటికి తోడు రాష్ట్రానికి వెళ్లే చిన్న మొత్తాలు కూడా కలుస్తాయి. ప్రతి నగరమూ తన పట్టికను తానే నిర్ణయించుకుంటుంది కాబట్టి పక్కపక్క ఊళ్లలోనే ఒకే పనికి రెండు మూడు రెట్ల తేడా కనిపిస్తుంది. మీ ఎలక్ట్రీషియన్ చెప్పిన వంద డాలర్లు వేరే ఊరి లెక్క అయి ఉండవచ్చు, లేదా కేవలం తనిఖీ పద్దు అయి ఉండవచ్చు. అయితే నగరాలకు ఈ విషయంలో అపరిమితమైన స్వేచ్ఛ లేదు. కాలిఫోర్నియా గవర్నమెంట్ కోడ్‌లోని 66014వ సెక్షన్ ప్రకారం ఇటువంటి రుసుము, ఆ సేవ అందించడానికి అయ్యే సహేతుకమైన ఖర్చును మించరాదు. మించాలంటే ఓటర్లలో మూడింట రెండు వంతుల ఆమోదం కావాలి. అందువల్ల మీరు బిల్డింగ్ శాఖకు రాతపూర్వకంగా రాసి, మీ నుంచి వసూలు చేసిన మొత్తాన్ని పద్దులవారీగా చూపమని, ఆ పద్దులు ఆమోదిత రుసుముల పట్టికలో ఎక్కడ ఉన్నాయో తెలపమని అడగవచ్చు. ఇంటి చార్జర్ దరఖాస్తును పొరపాటున వాణిజ్య పనుల పద్దులో వేయడం, సాధారణ ఎలక్ట్రికల్ పర్మిట్‌తో సరిపోయేదానికి పూర్తి ప్లాన్ల పరిశీలన రుసుము కలపడం జరగని విషయాలు కావు. అటువంటి పొరపాటు బయటపడితే తేడా మొత్తాన్ని తిరిగి ఇవ్వమని అడిగే అర్హత మీకు ఉంది. పొరపాటు లేకపోతే మాత్రం ఆ 400 డాలర్లు చెల్లించవలసినవే.

చార్జర్ల పర్మిట్లు ఆలస్యం కాకుండా కాలిఫోర్నియా రెండు చట్టాలు చేసింది. 2015లో వచ్చిన ఏబీ 1236 (ఏబీ అంటే అసెంబ్లీ బిల్లు), ప్రతి నగరమూ ప్రతి కౌంటీ చార్జర్ల కోసం ఒక సులభమైన విధానాన్ని, ముందుగానే ప్రకటించిన చెక్‌లిస్టును పెట్టుకోవాలని, దరఖాస్తును ఆన్‌లైన్‌లో తీసుకోవాలని, ప్రజల ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన కారణాల మీద తప్ప తిరస్కరించకూడదని చెప్పింది. మీ కాలనీ సంఘం ఒప్పుకుంటేనే పర్మిట్ ఇస్తామనే షరతు పెట్టడాన్ని కూడా అది నిషేధించింది. 2021లో చేసిన ఏబీ 970 గడువులు పెట్టింది: దరఖాస్తులో ఏదైనా లోపం ఉంటే 5 పనిదినాలలోగా చెప్పాలి, చెప్పకపోతే దరఖాస్తు సంపూర్ణమైనట్లే, ఆపైన 20 పనిదినాలలో నిర్ణయం రాకపోతే, చిన్న దరఖాస్తుల విషయంలో ఆమోదం లభించినట్లే భావించాలి. మీ నగరం వెబ్‌సైటులో ఆ చెక్‌లిస్టు తప్పకుండా ఉండాలి. దానిని దింపుకుని మీ దరఖాస్తుతో పోల్చి చూస్తే, అడిగిన కాగితాలలో ఏవి నిజంగా అవసరమో మీకే తెలుస్తుంది.

పొగ అలారాల విషయానికి వస్తే, దానికీ మీ చార్జర్‌కూ సాంకేతికంగా ఏ సంబంధమూ లేదు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం 1,000 డాలర్లకు మించిన ఇంటి పనికి పర్మిట్ తీసుకున్నప్పుడు, ఇంట్లో రాష్ట్రం ఆమోదించిన పొగ అలారాలు ఉండవలసిన చోట్ల ఉన్నాయని యజమాని చూపిన తరువాతే ఆ పర్మిట్‌ను మూసివేస్తారు. గ్యాస్ పొయ్యి, గ్యాస్ హీటర్ లేదా ఇంటికి ఆనుకున్న గరాజ్ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా అడుగుతారు. 1960ల నాటి ఇంట్లో పడకగదులలో, వాటి బయటి వరండాలో అలారాలు లేకపోవడం, ఉన్నవి పదేళ్లు దాటి పనిచేయకపోవడం సాధారణం. ఈ ఖర్చు మీద వాదించవద్దని నా మనవి. బ్యాటరీతో నడిచే అలారాలను చాలా నగరాలు ఇటువంటి సందర్భాలలో అంగీకరిస్తాయి. వాటిని దుకాణంలో కొని మీరే బిగించుకోవచ్చు, ఎలక్ట్రీషియన్‌కు దీనికోసం వేరే కూలి ఇవ్వనక్కర్లేదు. రాత్రంతా గరాజ్‌లో కారు చార్జ్ అవుతున్న ఇంట్లో పిల్లలు నిద్రపోతున్నప్పుడు పనిచేసే పొగ అలారం ఉండాలని పర్మిట్ గుర్తుచేయకపోయినా మనమే గుర్తుంచుకోవాలి.

ఇక అసలు విషయం, ప్యానెల్. మీ ఎలక్ట్రీషియన్ ఎందుకు అలా చెప్పారో ముందు అర్థం చేసుకోవాలి. అమెరికా విద్యుత్ నియమావళి అయిన ఎన్‌ఈసీ, కారు చార్జింగ్‌ను నిరంతర లోడ్‌గా, అంటే మూడు గంటలు అంతకన్నా ఎక్కువసేపు ఆగకుండా సాగే లోడ్‌గా పరిగణిస్తుంది. అటువంటి లోడ్‌కు తీగనూ బ్రేకర్‌నూ 125 శాతం లెక్కన పెట్టాలి. అంటే మీరు కొన్న 48 ఆంపియర్ల చార్జర్‌కు 60 ఆంపియర్ల బ్రేకర్ కావాలి. వంద ఆంపియర్ల ప్యానెల్ మీద 60 అనగానే మిగిలిన ఇంటికి 40 మాత్రమే మిగిలినట్లు కనిపిస్తుంది, దానితో ప్యానెల్ మార్పిడి మాట ముందుకు వస్తుంది. కాని ఈ లెక్కను మూడు చోట్ల పరిశీలించవచ్చు.

మొదటిది, మీ ఇల్లు నిజంగా వాడుకునే కరెంటు. ఇంట్లో ఉన్న పరికరాలన్నిటి పేర్లూ పట్టికలో రాసి లెక్కకట్టే పద్ధతి ఒకటి ఉంది. దానితోపాటు ఎన్‌ఈసీలోని 220.87వ సెక్షన్ మరొక దారి చూపిస్తుంది. గత ఏడాది కాలంలో ఆ ఇంటి గరిష్ఠ డిమాండ్ ఎంతో వాస్తవ రికార్డు ఉంటే, దానిని 125 శాతం చేసి, కొత్త లోడ్‌ను కలిపి, ఆ మొత్తం ప్యానెల్ సామర్థ్యాన్ని మించకపోతే సరిపోతుంది. స్మార్ట్ మీటరు ఉన్నవారి ఏడాది వాడకం లెక్క విద్యుత్ కంపెనీ వెబ్‌సైటులోని మీ ఖాతాలోనే దొరుకుతుంది. ఉదాహరణకు, మీ ఇంటి గరిష్ఠ వాడకం, వేసవిలో ఏసీ, బట్టలు ఆరబెట్టే డ్రైయర్ కలిసి నడిచిన సాయంత్రం, 8 కిలోవాట్లు అనుకుందాము. దానికి 125 శాతం అంటే 10 కిలోవాట్లు, అంటే 240 వోల్టుల దగ్గర సుమారు 42 ఆంపియర్లు. దీనికి మీ చార్జర్ 60 కలిపితే 102 అవుతుంది, వంద దాటింది. అదే చార్జర్‌ను 32 ఆంపియర్లకు తగ్గించి 40 ఆంపియర్ల బ్రేకర్ మీద పెడితే మొత్తం 82. దానిని 16 ఆంపియర్లకు తగ్గించి 20 ఆంపియర్ల బ్రేకర్ మీద పెడితే మొత్తం 62. ఒక్క సంఖ్య మార్చడంతో 5,000 డాలర్ల పని అవసరం లేకుండా పోయే అవకాశం ఇక్కడ ఉంది. ఈ పద్ధతిని వాడేముందు రెండు విషయాలు చూసుకోండి. మీటరు లెక్క గంటకు ఒకసారి మాత్రమే నమోదవుతుంటే అది సరిపోతుందో లేదో బిల్డింగ్ శాఖను ముందే అడగండి. ఇంటి మీద సోలార్ పలకలు ఉంటే మీటరు చూపేది పలకల ఉత్పత్తి తీసివేయగా మిగిలిన వాడకమే కాబట్టి, ఆ అంకెను ఇంటి అసలు డిమాండ్‌గా తీసుకోకూడదు.

రెండవది, మీ అవసరం. రోజుకు 40 మైళ్లు నడిచే కారుకు సుమారు 13 లేదా 14 యూనిట్లు కావాలి. 16 ఆంపియర్ల చార్జింగ్ గంటకు 3.8 యూనిట్లు ఇస్తుంది, అంటే నాలుగు గంటలలోపు ఆ రోజు ఖర్చు పూడుతుంది. 32 ఆంపియర్లయితే రెండు గంటలు కూడా పట్టదు. 48 ఆంపియర్ల వేగం రోజూ రెండు వందల మైళ్లు తిరిగేవారికి, లేదా ఒకే చార్జర్ మీద రెండు కార్లు నడిపేవారికి పనికివస్తుంది గాని, రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరి ఉదయం ఏడింటికి బయలుదేరే మనిషికి దానివల్ల కలిగే లాభం ఏమీ లేదు. చార్జర్ అమ్మేవారు పెద్ద అంకెను ముందు చూపిస్తారు. కొనేవారు కూడా ఎక్కువ ఆంపియర్లు ఉంటే మంచిదే కదా అనుకుంటారు. ఆ ఒక్క ఎంపిక నుంచే తీగ మందం, బ్రేకర్, ప్యానెల్, పర్మిట్ పరిశీలన అన్నీ పెరుగుతూ పోతాయి. మీరు కొన్న చార్జర్‌ను వెనక్కు ఇవ్వనక్కర్లేదు. ఈ తరహా చార్జర్లలో చాలావాటిని బిగించేటప్పుడే తక్కువ ఆంపియర్లకు స్థిరపరచే ఏర్పాటు లోపల ఉంటుంది. ఆ అమరికను ఇంట్లోవారు ఇష్టం వచ్చినట్లు మార్చడానికి వీలు లేకుండా ఉంటే, తగ్గించిన అంకెనే లెక్కలోకి తీసుకోవడానికి నియమావళి అనుమతిస్తుంది.

మూడవది, లోడ్ మేనేజ్‌మెంట్. ఇంటి మొత్తం వాడకాన్ని గమనిస్తూ, డ్రైయరో ఏసీయో నడుస్తున్నప్పుడు చార్జర్‌ను తనంతట తానే తగ్గించే పరికరాలు ఉన్నాయి. ఎన్‌ఈసీ వీటిని గుర్తిస్తుంది. భవిష్యత్తులో రెండవ ఎలక్ట్రిక్ కారు కొనే ఆలోచన ఉంటే ఇది ప్యానెల్ మార్పిడి కన్నా చాలా చవకైన దారి.

ఇంత చెప్పిన తరువాత కూడా ప్యానెల్ మార్చవలసిన ఇళ్లు ఉంటాయని ఒప్పుకోవాలి. మీ ఇంట్లో ఉన్నది ఫెడరల్ పసిఫిక్ స్టాబ్‌లాక్ లేదా జిన్‌స్కో ప్యానెల్ అయితే, చార్జర్ మాట పక్కన పెట్టినా దానిని మార్చడం మంచిది; ఆ కాలపు ఆ ప్యానెళ్లలో అవసరమైనప్పుడు బ్రేకర్ పడిపోకపోవడం అందరికీ తెలిసిన లోపం. తలుపు తెరిచి లోపలి పేరు చూస్తే తెలిసిపోతుంది. అప్పుడు మాత్రం విద్యుత్ కంపెనీ నుంచి వచ్చే తీగ, దానికోసం నేలలో తవ్వే గొయ్యి, ప్యానెల్ ముందు 30 అంగుళాల వెడల్పూ 36 అంగుళాల లోతూ ఖాళీ స్థలం వంటి అంశాలు కూడా వస్తాయి. వాటిలో ఏది ఎవరి ఖర్చో పని మొదలుపెట్టేముందే విద్యుత్ కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

మీ ఎలక్ట్రీషియన్‌తో ఒప్పందం గురించి కూడా ఒక మాట. కాలిఫోర్నియాలో ఇంటి మరమ్మతు ఒప్పందాలలో ముందుగా తీసుకునే బయానా 1,000 డాలర్లు లేదా మొత్తంలో పది శాతం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతకు మించకూడదు. ఒప్పందంలో లేని అదనపు పనికి మీరిద్దరూ సంతకం చేసిన మార్పు పత్రం ఉండాలి. కాబట్టి 5,000 డాలర్ల అంచనా ఆయన పంపినంత మాత్రాన మీరు బాధ్యులు కారు. లోడ్ లెక్క కాగితం చూపమని మర్యాదగా అడగండి. నిజాయితీగల ఎలక్ట్రీషియన్ దానిని సంతోషంగా ఇస్తారు, ఎందుకంటే నగరానికి సమర్పించవలసింది కూడా అదే. ఆయన లైసెన్సు రాష్ట్ర కాంట్రాక్టర్ల బోర్డు వెబ్‌సైటులో సరిచూడండి. ఎలక్ట్రికల్ పనికి సీ-10 తరగతి ఉండాలి. పర్మిట్ అవసరమైన పనిని, అది ఎంత చిన్నదైనా, లైసెన్సు లేని మనిషితో చేయించకూడదు. చివరి తనిఖీ పూర్తయ్యాకే ఆఖరి చెల్లింపు అని ఒప్పందంలో రాయించండి. తనిఖీకి పిలవకుండా వదిలేసిన పర్మిట్ కాలం తీరిపోతుంది, మళ్లీ రుసుము కట్టవలసి వస్తుంది.

తనిఖీలో తప్పే కారణాలలో ఒకటి మీకు నేరుగా వర్తించవచ్చు కనుక చెబుతున్నాను. 48 ఆంపియర్ల చార్జర్‌కు 6 గేజ్ మందం రోమెక్స్ (ఇళ్లలో మామూలుగా వాడే ప్లాస్టిక్ తొడుగు) కేబుల్ వాడడం చాలామంది చేసే పని. ఆ కేబుల్‌కు నియమావళి ఇచ్చే సామర్థ్యం 55 ఆంపియర్లే, మనకు కావలసింది 60. తనిఖీ అధికారి దానిని తిప్పికొడితే కేబుల్ మార్చి, పునఃతనిఖీ రుసుము కూడా కట్టాలి. 32 ఆంపియర్లకు దిగితే ఈ చిక్కు కూడా పోతుంది.

కేంద్ర పన్ను రాయితీ గురించి మీరు అడగలేదు గాని, 30సీ అనే పేరుతో ఉన్న ఆ రాయితీ ఇంటి చార్జర్ ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 1,000 డాలర్లు ఇస్తుంది. అల్పాదాయ లేదా పట్టణేతర సెన్సస్ విభాగాలలో ఉన్న ఇళ్లకు మాత్రమే అది వర్తిస్తుంది. పైగా 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 జూన్ 30లోగా వాడుకలోకి వచ్చిన చార్జర్లకే ఆ అవకాశం. ఆ రాయితీని నమ్ముకుని ఖర్చు పెంచుకోకండి.

ప్రశ్న: న్యూజెర్సీలో మా టౌన్‌షిప్‌లో పర్మిట్, తనిఖీ అంటూ చాలా రోజులు పడుతుందని విన్నాము. మా పక్కింటివారు తెలిసిన మనిషితో గరాజ్‌లో 50 ఆంపియర్ల సాకెట్ ఒకటి పెట్టించుకుని, కారుతో వచ్చిన కేబుల్‌ను అందులో గుచ్చి వాడుకుంటున్నారు. సాకెట్‌లో గుచ్చే చార్జర్‌కు పర్మిట్ అక్కర్లేదని ఆయన అంటున్నారు. ఇది నిజమేనా?
ఒక పాఠకుడు, మిడిల్‌సెక్స్ కౌంటీ, న్యూజెర్సీ

సమాధానం: అందులో సగమే నిజం. ఇదివరకే సక్రమంగా ఉన్న సాకెట్‌లో కేబుల్ గుచ్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాని ఆ సాకెట్ కోసం ప్యానెల్ నుంచి కొత్త తీగ లాగితే అది కొత్త సర్క్యూట్ అవుతుంది, దానికి న్యూజెర్సీ రాష్ట్రమంతటికీ వర్తించే నిర్మాణ నియమావళి ప్రకారం ఎలక్ట్రికల్ పర్మిట్ కావాలి. చార్జర్‌ను గోడకు బిగించారా, సాకెట్‌లో గుచ్చారా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

మీ పక్కింటివారి విషయంలో నాకు రుసుము కన్నా ఎక్కువ ఆందోళన కలిగించేది ఆ సాకెట్. ఎలక్ట్రిక్ పొయ్యి కోసం ఉద్దేశించిన చవకరకం సాకెట్లు అప్పుడప్పుడు కాసేపు మాత్రమే పెద్ద కరెంటు మోస్తాయి. కారు మాత్రం రాత్రి ఐదారు గంటలు ఆగకుండా 40 ఆంపియర్ల దాకా లాగుతుంది. లోపల స్క్రూ సరిగ్గా బిగించకపోయినా, కారుకేబుల్‌ను రోజూ పీకి పెడుతూ పట్టు వదులైనా ఆ చోట వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. తనిఖీ అధికారి ముఖ్యంగా చూసేది తీగ మందమూ, బిగింపూ, బ్రేకరూ. న్యూజెర్సీ అనుసరిస్తున్న నియమావళి ప్రకారం కారు చార్జింగ్ కోసం పెట్టే సాకెట్‌కు జీఎఫ్‌సీఐ రక్షణ (కరెంటు లీకయితే వెంటనే ఆపే ఏర్పాటు) తప్పనిసరి, ఆ బ్రేకర్ మామూలు బ్రేకర్ కన్నా వంద డాలర్ల దాకా ఎక్కువ. మంచి సాకెట్, ఆ బ్రేకర్ రెండూ కొన్న తరువాత లెక్క చూస్తే, చార్జర్‌ను నేరుగా తీగకు కలిపి గోడకు బిగించడమే చాలాసార్లు చవకగా తేలుతుంది. నేరుగా బిగించిన చార్జర్‌లో ఆ రక్షణ లోపలే ఉంటుంది కాబట్టి వేరే జీఎఫ్‌సీఐ బ్రేకర్ అవసరం ఉండదు.

డ్రైయర్ సాకెట్‌ను పంచుకునే ఆలోచన ఉన్నవారు కూడా గమనించాలి: అది సాధారణంగా 30 ఆంపియర్ల సర్క్యూట్, దాని మీద కారు 24 ఆంపియర్లకు మించి తీసుకోకూడదు.

పర్మిట్ లేకుండా చేసిన పని ఇల్లు అమ్మేటప్పుడు బయటపడుతుంది. కొనేవారి తరఫు ఇన్‌స్పెక్టరు గరాజ్‌లో కొత్త సాకెట్ చూడగానే టౌన్‌షిప్ రికార్డులో దాని పర్మిట్ వెతుకుతారు. లేకపోతే ఆ సమయంలో, అన్ని తేదీలూ దగ్గరపడిన ఒత్తిడిలో, జరిమానాతో సహా పర్మిట్ తీసుకుని అవసరమైతే గోడ తెరిచి తీగ చూపించవలసి వస్తుంది. విద్యుత్ కంపెనీలు ఇచ్చే రాయితీలకు కూడా మామూలుగా పర్మిట్ నకలు జత చేయమంటారు కాబట్టి, రుసుము మిగిలిందని సంతోషించినవారు అంతకన్నా పెద్ద రాయితీని పోగొట్టుకుంటారు. మీరు స్వయంగా నివసించే, ఒకే కుటుంబం ఉండే ఇల్లు అయితే, పని మీకు తెలిసి ఉంటే, మీ పేరుతోనే పర్మిట్ తీసుకుని మీరే చేసుకోవడానికి న్యూజెర్సీ అనుమతిస్తుంది. ఎలక్ట్రికల్ పని ఇదివరకు చేయనివారు దీనితో మొదలుపెట్టవద్దని కోరుతున్నాను. మీ పక్కింటివారికి కూడా ఇప్పుడే పర్మిట్‌కు దరఖాస్తు పెట్టమని చెప్పండి. అడగకముందే వచ్చినవారిపట్ల టౌన్‌షిప్ కార్యాలయాలు సాధారణంగా సానుకూలంగా ఉంటాయి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మాది సొంత ఇల్లు, సింగిల్ ఫేజ్ మీటరు, 3 కిలోవాట్ల లోడ్. కారుతోపాటు 7.2 కిలోవాట్ల చార్జర్ ఉచితంగా బిగిస్తామని డీలరు చెప్పారు. ఇప్పుడు డీలరు పంపిన మనిషి వచ్చి, లోడ్ పెంచాలి, త్రీఫేజ్ మీటరు పెట్టాలి, పర్మిషన్‌తో కలిపి డిపార్ట్‌మెంట్ ఖర్చులకు ఒక మొత్తం ఇవ్వండి అంటున్నారు. ఇంట్లో చార్జర్ పెట్టుకోవడానికి కూడా పర్మిషన్ రుసుము ఉందా? ఆయన అడిగినది ఇవ్వవచ్చా?
ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: సొంత ఇంట్లో సొంత కారు చార్జ్ చేసుకోవడానికి మన దేశంలో ప్రత్యేకమైన పర్మిట్ గాని లైసెన్సు గాని అక్కర్లేదు. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2024 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు, ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే కారు చార్జ్ చేసుకోవచ్చని స్పష్టంగా చెబుతున్నాయి. కాబట్టి పర్మిషన్ పేరుతో అడిగిన మొత్తం ఏదైనా ఉంటే అది ఇవ్వవద్దు.

లోడ్ మాట మాత్రం నిజమే. 3 కిలోవాట్ల ఒప్పందం మీద 7.2 కిలోవాట్ల చార్జర్ నడిస్తే, ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్లు గరిష్ఠ డిమాండ్‌ను నమోదు చేస్తాయి కనుక విద్యుత్ పంపిణీ సంస్థ నుంచి నోటీసు వస్తుంది. మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ సాధారణంగా 5 కిలోవాట్లు దాటిన లోడ్‌కు త్రీఫేజ్ సర్వీసు తీసుకోవాలి. లోడ్ పెంచుకున్నప్పుడు కట్టేవి ముఖ్యంగా రెండు. ఒకటి డెవలప్‌మెంట్ చార్జీలు. కిలోవాటుకు ఇంత అని విద్యుత్ నియంత్రణ మండలి ఆమోదించిన రేటు ప్రకారం ఉంటాయి, తిరిగి రావు. రెండవది సెక్యూరిటీ డిపాజిట్. అది మీ పేరున జమలో ఉండే సొమ్ము, దానికి 2003 విద్యుత్ చట్టం 47వ సెక్షన్ ప్రకారం వడ్డీ కూడా ఇవ్వాలి. వీటికి తోడు సర్వీసు వైరు, మెయిన్ బోర్డు, ఎర్తింగ్ వంటి మీ ఇంటివైపు పనులు మీ ఖర్చు. డీలరు ఉచితం అన్నది చార్జర్‌నూ, ఒక హద్దు వరకు కేబుల్‌నూ మాత్రమే. ఆ హద్దు ఎన్ని మీటర్లో బుకింగ్ కాగితంలో చూసుకోండి.

కాలిఫోర్నియా పాఠకురాలికి చెప్పిన మాటే మీకూ వర్తిస్తుంది. నగరంలో రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారుకు ఆరేడు యూనిట్లు చాలు. 15 లేదా 16 ఆంపియర్ల సాకెట్ మీద 3.3 కిలోవాట్ల చార్జింగ్ పెట్టుకుంటే రెండు గంటల పైచిలుకులో అది పూర్తవుతుంది. అప్పుడు కూడా గీజరు, ఏసీ కలిసి నడిచే ఇంటికి 3 కిలోవాట్ల లోడ్ చాలదు కనుక దానిని 5 కిలోవాట్లకు పెంచుకుని, అందరూ పడుకున్నాక కారును పెట్టుకుంటే సింగిల్ ఫేజ్‌తోనే సరిపోతుంది, త్రీఫేజ్ ఖర్చు తప్పుతుంది. దూరప్రయాణాలు ఎక్కువగా ఉండి 7.2 కిలోవాట్లే కావాలనుకుంటే ఒక విషయం ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పండి: ఆ చార్జర్లు సింగిల్ ఫేజ్‌వే కాబట్టి త్రీఫేజ్ మీటరు పెట్టినా మొత్తం 32 ఆంపియర్లూ ఒకే ఫేజ్ మీద పడతాయి. ఏసీలనూ గీజర్లనూ మిగిలిన రెండు ఫేజ్‌ల మీదికి మార్చాలి.

కారు చార్జింగ్‌కు వేరే మీటరు కూడా అడగవచ్చు. వినియోగదారుల హక్కుల నియమాలకు 2024లో చేసిన సవరణ ప్రకారం, అడిగినవారికి చార్జింగ్ కోసం ప్రత్యేక కనెక్షన్ ఇవ్వవలసిందే. గృహ స్లాబులలో పైమెట్టుకు చేరిన ఇళ్లకు ఇది లాభం కావచ్చు, తక్కువ తిరిగే కారుకు రెండవ మీటరు స్థిరచార్జీ భారమే అవుతుంది. అదే సవరణ, మెట్రో నగరాలలో కొత్త కనెక్షన్‌కు గాని ఉన్న కనెక్షన్ మార్పుకు గాని దరఖాస్తు సంపూర్ణమైన తరువాత 3 రోజుల గడువు పెట్టింది. మునిసిపల్ ప్రాంతాలలో 7 రోజులు, గ్రామాలలో 15 రోజులు.

ఏ దారి ఎంచుకున్నా ఎర్తింగ్ కొలిపించుకోండి, చార్జర్‌కు ప్రత్యేకమైన సర్క్యూట్ వేయించి దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సరఫరా ఆపే బ్రేకర్) పెట్టించండి. పాత ఇళ్లలో ఎర్త్ తీగ సాకెట్ దాకా వచ్చి భూమిలోకి వెళ్లకపోవడం తరచుగా కనిపిస్తుంది, అప్పుడు చాలా కార్లు చార్జింగ్‌నే తిరస్కరిస్తాయి. లోడ్ పెంపు దరఖాస్తును డీలరు మనిషికి అప్పగించకుండా, పంపిణీ సంస్థ వెబ్‌సైటులోనో వినియోగదారుల సేవా కేంద్రంలోనో మీ సర్వీసు నంబరుతో మీరే నమోదు చేసి, వచ్చిన డిమాండ్ మొత్తాన్ని దరఖాస్తు నంబరు మీదే చెల్లించి రసీదు తీసుకోండి. ఆ రసీదులో డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ విడివిడిగా కనిపిస్తాయి. డీలరు మనిషి చెప్పిన మొత్తానికీ దానికీ తేడా ఉంటే, ఆ తేడా దేనికోసమో రాసి ఇవ్వమని ఆయననే అడగండి.